ఒకే తీగ, వేరు కాపురములు

ప్రసారమనగా నేమో రేడియో శ్రోతలకు వేరుగా చెప్పవలసిన పని లేదు. ఒకచోట పలికిన మాట ఆకాశమంతటను వ్యాపించును. యంత్రము గల ప్రతి ఇంటను అది వినిపించును. ఎవరికి ఏది కావలెనో వారే మీట త్రిప్పి ఏరుకొందురు. వినువారెవరో పంపువానికి తెలియనక్కర లేదు. రేడియో యొక్క బలమంతయు ఈ సౌలభ్యములోనే ఉన్నది. అయితే అందరును వినదగిన మాటకు ఈ పద్ధతి ఎంత యోగ్యమో, కొందరే వినదగిన మాటకు అంత అయోగ్యము. ఊరి దండోరా వీధిలో వేయవచ్చును. ఇంటి జమాఖర్చులు వీధిలో చదువరాదు.

కంప్యూటర్ల ప్రపంచములో ఈ రెండు అవసరములును ఒకే తీగపై ఎదురుపడినవి. ఒక కార్యాలయములోని యంత్రములన్నియు ఒకే తీగను పంచుకొని, ఒకదాని మాట మరియొకటి వినునట్లు మొదట ఏర్పాటు జరిగినది. పిమ్మట ఆ తీగను త్రెంపకుండనే దానిపై గోడలు కట్టవలసి వచ్చినది. ఆ గోడలచేత ఏర్పడు విభాగములకు వర్చువల్ లోకల్ ఏరియా నెట్‌వర్కులని పేరు; వాడుకలో వీలాన్ అందురు. కల్పిత స్థానిక జాలమని మనము తెలుగు చేసికొనవచ్చును. నేడు ఆసుపత్రులు, బ్యాంకులు, కళాశాలలు, ప్రభుత్వ కార్యాలయములు వీటిపై ఆధారపడి ఉన్నవి. స్విచ్చి అను పెట్టెలో కొన్ని అంకెలను వ్రాసి ఈ గోడలను కట్టుచున్నారు. ఆ అంకెల వెనుకనున్న 50 ఏండ్లకు పైబడిన చరిత్రను మేము ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచినాము.

ఈ చరిత్ర రేడియోతోనే మొదలైనది. పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపములలో ఒక విశ్వవిద్యాలయమున్నది. దాని పెద్ద కంప్యూటరు ఒక ద్వీపములో నుండగా, దానిని వాడుకొనవలసిన వారు పలు ద్వీపములలో చెదరి ఉన్నారు. నార్మన్ అబ్రాంసన్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును దీనికి రేడియోను ఉపాయముగా ఎన్నుకొన్నారు. 1971వ సంవత్సరమున పని ప్రారంభించిన ఆ ఏర్పాటునకు అలోహా నెట్ అని పేరు. అలోహా యనునది ఆ ద్వీపవాసుల పలకరింపు మాట.

దూరపు యంత్రములన్నిటికిని కేంద్రమునకు మాట పంపుటకు ఒకే పౌనఃపున్యము ఇచ్చినారు. ఎవరి వంతు ఎప్పుడని నిర్ణయించు పెద్ద ఎవరును లేడు. చెప్పవలసిన మాట ఉన్న యంత్రము వెంటనే చెప్పివేయును. రెండు యంత్రములు ఒకే క్షణమున పలికినచో రెండు మాటలును చెడిపోవును. కేంద్రము నుండి అందినట్లు జవాబు రానిచో, పంపిన యంత్రము కొంతసేపు ఆగి మరల పంపును. ఆ ఆగుట ఎంతసేపన్నది లాటరీ వంటిది. ఇరువురును ఒకే క్షణమున మరల పలుకకుండుటకై ఆ ఉపాయము. పద్ధతి అతి సులభము. కాని ఈ విధముగా ఆ మార్గము యొక్క శక్తిలో నూటికి 18 పాళ్ళకు మించి ఉపయోగపడదని గణితము తేల్చినది. తక్కినదంతయు గుద్దులాటలోను, నిశ్శబ్దములోను పోవును.

ఈ గణితమును శ్రద్ధగా చదివినవారిలో రాబర్ట్ మెట్‌కాఫ్ అను యువకుడు ఒకడు. ఆయన కాలిఫోర్నియాలోని జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయములో పనిచేయుచుండెను. ఆ పరిశోధనాలయమునందు ప్రతివాని బల్లపైనను ఒక కంప్యూటరు ఉండవలెనని సంకల్పము. అన్నింటిని కలుపుట ఎట్లు? 1973 మే 22వ తేదీన మెట్‌కాఫ్ ఒక లేఖ వ్రాసి, హవాయి పద్ధతిని తీగపైకి తెచ్చు మార్గమును సూచించినాడు. దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టినాడు. కాంతి ప్రయాణము చేయుటకు విశ్వమంతట ఈథరు అను సూక్ష్మ పదార్థము నిండియున్నదని పూర్వ శాస్త్రజ్ఞులు నమ్మినారు. 1887లో మైకెల్సన్, మోర్లీ చేసిన ప్రయోగము ఆ నమ్మకమును కదిలించినది. శాస్త్రము వదలిన ఆ మాటను మెట్‌కాఫ్ ఏరుకొని, అందరికిని ఉమ్మడియైన ఒక తీగకు పేరుగా ఇచ్చినాడు.

హవాయి పద్ధతికి ఆయన రెండు మెరుగులు దిద్దినాడు. మాటలాడుటకు ముందు యంత్రము తీగపై చెవి పెట్టి ఇతరులెవరైనను మాటలాడుచున్నారేమో వినవలెను. మాటలాడునపుడును వినుచునే ఉండి, గుద్దులాట జరిగినచో వెంటనే ఆగిపోవలెను. పెద్దలు కూర్చున్న సభలో మర్యాద తెలిసినవాడు నడచుకొనునది ఈ విధముగానే. మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కలిసి 1976లో ప్రకటించిన వ్యాసములో, కిలోమీటరు పొడవు తీగపై 100 యంత్రములతో పొందిన అనుభవమును వర్ణించినారు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్సు అను మూడు సంస్థలు కలిసి సెకనునకు కోటి బిట్ల వేగము గల ఈథర్‌నెట్ నిబంధనలను వెలువరించినవి. ప్రతి యంత్రమునకును 48 బిట్ల చిరునామా ఏర్పడినది. ఆ 48 బిట్లును ఒకట్లే అయినచో, ఆ సందేశము తీగపైనున్న అందరికిని ఉద్దేశించినదని అర్థము. అనగా తీగలో కూడ ఒక ప్రసారము నిలిచినది.

ఈ ప్రసారము లేనిచో పని జరుగదు. క్రొత్తగా మేల్కొన్న యంత్రమునకు ఇరుగుపొరుగు తెలియరు. ఈ సంఖ్య గలవారెవరు, మీ చిరునామా ఏమి అని అది గట్టిగా అడుగవలెను. ఆ అడుగు పద్ధతిని 1982లో వ్రాసి స్థిరపరచినారు. పది యంత్రములున్న చోట ఈ కేకలు బాధింపవు. వేయి యంత్రములున్న చోట, ఒక్కొక్కటి అడుగు ప్రతి ప్రశ్నను తక్కిన 999 యంత్రములును చేతిలోని పని ఆపి వినవలసి వచ్చును. మండువా లోగిలిలో నాలుగు వైపుల గదులున్నను, మండువాలో అన్న మాట అందరికిని వినిపించును. పదిమంది ఉన్న ఇంటికి అది కలుపుగోలుతనము. రెండువందలమంది చేరిన పెండ్లి ఇంటికి అది గోల.

జాలము పెద్దదగుకొలది తీగ పొడవు చాలలేదు. రెండు తీగలను కలుపుటకు బ్రిడ్జి, అనగా వంతెన, అను పెట్టె వచ్చినది. ఏ యంత్రము ఏ వైపున ఉన్నదో వంతెన గమనించి నేర్చుకొనును. ఈవలివారి మాట ఈవలివారికే అయినచో ఆవలికి పోనీయదు. కాని అందరికిని ఉద్దేశించిన కేకను మాత్రము అది దాటింపక తప్పదు. మరియొక ప్రమాదము కూడ ఉన్నది. ఒక దారి చెడిన రెండవది ఉండవలెనని రెండు వంతెనలు కట్టినచో, కేక ఒకదానిపై పోయి రెండవదానిపై తిరిగివచ్చి, మరల పోయి, నిమిషములో జాలమంతటిని ముంచివేయును. 1985లో డిజిటల్ సంస్థలో పనిచేయుచుండిన రేడియా పెర్ల్‌మన్ అను విదుషి దీనికి మందు కనిపెట్టినది. వంతెనలు తమలో తాము మాటలాడుకొని, ఒకదానిని వేరుగా ఎంచుకొని, చుట్టుత్రోవలు లేని వృక్షమువలె ఏర్పడును. అదనపు దారులు మూసికొని, అవసరమైనపుడు మాత్రమే తెరచుకొనును.

అప్పటికే మరియొకచోట మరియొక ఆలోచన సాగుచుండెను. అమెరికాలోని బెల్ టెలిఫోను వ్యవస్థ 1984లో విడిపోయినపుడు, ప్రాంతీయ టెలిఫోను సంస్థల కొరకు బెల్‌కోర్ అను పరిశోధనాలయము ఏర్పడినది. అందు డేవిడ్ సిన్‌కోస్కీ అను ఇంజనీరు ఈథర్‌నెట్ తీగపై మనుష్యుల సంభాషణను పంపవచ్చునా యని ప్రయోగములు చేయుచుండెను. టెలిఫోను వంటి పెద్ద వ్యవస్థకు వేలకొలది వంతెనలు కావలెను. వాటినన్నిటిని ఒకే వృక్షముగా కట్టినచో, మాటలన్నియు మొదలు దగ్గరకే వచ్చి పడును. కొమ్మలెన్ని ఉన్నను మ్రాను ఒక్కటే గదా.

సిన్‌కోస్కీ సూచించిన ఉపాయము చాల సరళమైనది. ప్రతి సందేశమునకును ఒక రంగు ఇత్తుమని ఆయన తలచినాడు. ఎఱ్ఱని సందేశములు ఎఱ్ఱ వృక్షముపై, పచ్చనివి పచ్చ వృక్షముపై, నీలివి నీలి వృక్షముపై పోవును. వృక్షములు మూడైనను క్రింద తీగలు అవే. ఒక రంగు దారి చెడినను మరియొక రంగు దారి మిగులును. రంగు అనగా సందేశము నుదుట అంటించు చిన్న గుర్తు మాత్రమే. ఆయన సహచరుడు చేజ్ కాటన్ ఈ పద్ధతికి కావలసిన గణనక్రమములను తీర్చిదిద్దినాడు. 1988లో ఇరువురును కలిసి దీనిని ఒక వ్యాసముగా ప్రకటించినారు. వారు వెదకినది రద్దీకి విరుగుడు. కాని వారికి దొరికినది అంతకంటె పెద్దది: ఒకే తీగపై ఒకరి మాట మరియొకరికి తగులకుండ పలు జాలములు కాపురముండవచ్చునన్న సంగతి.

ఈ భావము ఇంటింటికి రావలెనన్నచో తగిన పరికరము కావలసినది. ఆ పరికరమే స్విచ్చి. ఇది గోడమీది దీపపు స్విచ్చి కాదు. అనేక ద్వారములు గల వంతెన యని చెప్పుట సరియైనది. ప్రతి యంత్రము నుండియు ఒక తీగ వచ్చి దీని యొక్క ఒక్కొక్క ద్వారమునకు తగులుకొనును. ఆ ద్వారమునే పోర్టు అందురు. ఒక యంత్రము మరియొకదానికి పంపిన మాటను స్విచ్చి ఆ రెండు ద్వారముల మధ్యనే నడిపించును. అదే సమయమున వేరు రెండు యంత్రములు వేరుగా మాటలాడుకొనవచ్చును. భారత సంతతివాడైన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి 1987లో స్థాపించిన సంస్థ 1990లో 7 ద్వారముల స్విచ్చిని అంగడికి తెచ్చినది. బహుద్వారములు గల మొదటి ఈథర్‌నెట్ స్విచ్చిగా దీనినే చెప్పుచుందురు. ఆ సంస్థ పేరు కల్పన. కల్పిత జాలముల కథలో ఈ పేరు తగులుట మన భాషవారికి ముచ్చటగా తోచును. 1994లో సిస్కో అను పెద్ద సంస్థ దీనిని కొనివేసినది.

స్విచ్చి వచ్చిన పిదప కార్యాలయములకు క్రొత్త కోరిక కలిగినది. అంతకు పూర్వము లెక్కల శాఖవారందరును ఒక అంతస్తులో నున్నచో వారి తీగలను ఒకచోట చేర్చి వేరు జాలము చేయుట సులభము. ఒక గుమాస్తాను క్రింది అంతస్తునకు మార్చినచో తీగను కూడ మార్చవలసి వచ్చెడిది. ద్వారమునకు రంగు పులుముట తెలిసిన స్విచ్చి ఉన్నచో, తీగను కదల్చనక్కర లేదు. ఆ గుమాస్తా కూర్చున్న చోటి ద్వారమును లెక్కల శాఖ రంగులోనికి మార్చిన చాలును. బల్ల ఎచ్చట నున్నను శాఖ ఒక్కటే. గది గోడకును, జాలపు గోడకును ఉండిన ముడి ఈ విధముగా ఊడిపోయినది.

కాని 1990 తరువాత కొన్ని ఏండ్లపాటు ఒక చిక్కు సాగినది. ఏ సంస్థ తయారుచేసిన స్విచ్చి ఆ సంస్థ భాషలోనే రంగులు చెప్పుచుండెను. సిస్కోవారి పద్ధతిలో ప్రతి సందేశమును 26 బైట్ల తలకట్టు, 4 బైట్ల తోక గల సంచిలో పెట్టి పంపెడివారు. ఇతరుల పద్ధతులు ఇతరములు. ఒక సంస్థ స్విచ్చి అంటించిన గుర్తు మరియొక సంస్థ స్విచ్చికి అర్థము కాదు. గోడ ఇరువైపుల వారును గోడ ఎచ్చటనున్నదో ఒప్పుకొనకున్నచో దానిని గోడ యని ఎట్లందుము?

ఈ ఒప్పందము 1998లో కుదిరినది. 1980లో ఏర్పడి స్థానిక జాలములకు నిబంధనలు వ్రాయుచున్న 802 అను సంఖ్య గల సంఘమువారు, 802.1క్యూ అను ప్రమాణమును ఆ ఏడు వెలువరించినారు. సంచిని విడిచి చీటిని ఎంచుకొన్నారు. సందేశములో పంపినవారి చిరునామా వెంటనే 4 బైట్ల చీటి ఒకటి దూర్చవలెను. అందులో సగము, అనగా 16 బిట్లు, ఇది చీటి గల సందేశము సుమా అని తెలుపు గుర్తు. 3 బిట్లు ఆ సందేశమునకు ఎంత తొందర ఉన్నదో 8 తరగతులలో చెప్పును. ఒక బిట్టు వేరు పనికి ఉంచినారు. మిగిలిన 12 బిట్లలో వీలాన్ సంఖ్య ఉండును. 12 బిట్లతో 4096 సంఖ్యలు వ్రాయవచ్చును. మొదటిదియు చివరిదియు ప్రత్యేకించగా 4094 మిగులును. చీటి చేరుటచేత సందేశము యొక్క గరిష్ఠ పరిమాణము 1518 బైట్ల నుండి 1522 బైట్లకు పెంచవలసి వచ్చినది. ఈ 4 బైట్ల చీటియే నేడు లోకమంతట నడచుచున్నది. సిన్‌కోస్కీ రంగులు ఈ విధముగా అంకెలైనవి.

ఇక స్విచ్చిలో ఈ గోడలను కట్టు విధానమును చూతము. ఒక ఆసుపత్రిని ఊహించుకొందము. లెక్కల గుమాస్తాలు, వైద్యుల యంత్రములు, చూడవచ్చిన చుట్టముల ఫోనులు, ఈ మూడు తెగలును ఒకే 24 ద్వారముల స్విచ్చిని వాడుకొనవలెను. మొదటి పని సంఖ్యలను పుట్టించుట. లెక్కలకు 10, వైద్యులకు 20, చుట్టములకు 30 అని సంఖ్యలు పెట్టి, గుర్తునకై పేర్లు కూడ వ్రాయుదురు. రెండవ పని ద్వారములను పంచుట. 1 మొదలు 8 వరకు గల ద్వారములను 10వ వీలాన్‌లోను, 9 మొదలు 16 వరకు 20లోను, 17 మొదలు 22 వరకు 30లోను చేర్చుదురు. ఇట్టివాటిని యాక్సెస్ పోర్టులందురు. ఆ ద్వారమునకు తగిలిన కంప్యూటరునకు చీటి సంగతియే తెలియదు. సందేశము లోనికి వచ్చునపుడు అది ఏ వీలాన్‌దో ద్వారమును బట్టియే స్విచ్చి గుర్తించును. బయటికి పోవునపుడు చీటి ఉన్నచో తీసివేయును.

మూడవ పని పై అంతస్తులోని స్విచ్చితో సంబంధము కలుపుట. తెగకు ఒక తీగ చొప్పున మూడు తీగలు లాగనక్కర లేదు. 24వ ద్వారమును ట్రంకు పోర్టుగా మార్చుదురు. ట్రంకు కాల్ కొరకు గంటలకొలది ఎదురుచూచిన కాలమును ఎరిగినవారికి ఈ మాట క్రొత్త కాదు. రెండు కేంద్రముల మధ్య అందరి మాటలును మోయు పెద్ద తీగయే ట్రంకు. ఈ తీగపై పోవునపుడు సందేశములకు చీటీలు అంటును. ఆవలి స్విచ్చి చీటిలోని సంఖ్యను చదివి, ఆ సంఖ్య గల ద్వారములలోనికి మాత్రమే వదలును. 10వ సంఖ్యలోని యంత్రము వేసిన కేక భవనము ఆ చివరనున్న 10వ సంఖ్యవారికి వినబడును. ప్రక్క కుర్చీలోని 30వ సంఖ్యవానికి వినబడదు.

ఒక తెగవారికి మరియొక తెగతో పని పడినచో ఏమి గతి? స్విచ్చి ఈ గోడను తనంతట దాటనీయదు. దానికి రౌటరు అను వేరొక యంత్రమో, ఆ విద్య నేర్చిన స్విచ్చియో కావలెను. అచ్చట కావలివాడు నిలిచి, ఎవరు ఎవరితో ఏ పనిమీద మాటలాడవచ్చునో నియమములను బట్టి తేల్చును. గోడ కట్టుట ఎంత ముఖ్యమో, గుమ్మము ఎచ్చట పెట్టవలెనో, ఎవరికి తెరువవలెనో నిర్ణయించుట అంత ముఖ్యము.

వినుటకు ఇది గుమాస్తా పనివలె తోచవచ్చును. దీని వెనుక ఎంతటి బాధ్యత ఉన్నదో రెండు సంఘటనలు తెలుపును.

మొదటిది 2002 నవంబరులో అమెరికాలోని బోస్టను నగరమున జరిగినది. బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ అను పెద్ద ఆసుపత్రి తన పనిని చాలవరకు కంప్యూటర్లకు అప్పగించినది. ఏండ్లకొలది అవసరము వచ్చినపుడెల్ల ఒక్కొక్క భాగమును చేర్చుచు దాని జాలమును పెంచినారు. పెర్ల్‌మన్ కనిపెట్టిన వృక్షపద్ధతికి ఒక హద్దు ఉన్నది. ఒక కొన నుండి మరియొక కొనకు 7 వంతెనలకు మించరాదని నిబంధనల సలహా. ఆ జాలము ఆ హద్దును మించినది. ఆ నెల 13వ తేదీన రద్దీ పెరుగగానే వృక్షము చెదరి, సందేశములు చుట్టు తిరుగనారంభించినవి. ఒక మూల పుట్టిన ఉపద్రవము ఆసుపత్రి అంతటిని ముంచినది. వైద్యులు మందుచీటీలను, పరీక్షల వివరములను మరల కాగితముపై వ్రాయవలసి వచ్చినది. ఆ కాగితములను మనుష్యులు చేతబట్టుకొని పరుగెత్తినారు. జాలము కుదుటపడుటకు దాదాపు 4 దినములు పట్టినది. తరువాత ఆ జాలమును భాగములుగా విడదీసి, భాగముల మధ్య రౌటర్లను నిలిపి క్రొత్తగా కట్టినారు. ఈ ఆసుపత్రి సమాచార శాఖకు అధిపతియైన జాన్ హలంకా జరిగిన దానిని దాచక ఇతర సంస్థలవారికి వివరించినాడు. వైద్యవృత్తిలో ఒకరి అనుభవము పదిమందికి పాఠమగునట్లే ఇదియు పాఠమైనది.

రెండవది 2013వ సంవత్సరాంతమున జరిగినది. టార్గెట్ అను అమెరికా దుకాణముల సంస్థ నుండి దొంగలు సుమారు 4 కోట్ల బ్యాంకు కార్డుల సంఖ్యలను అపహరించినారు. వారు లోనికి వచ్చిన త్రోవ విచిత్రమైనది. ఆ సంస్థ కొరకు శీతలీకరణ యంత్రముల పనిచేయు ఒక చిన్న గుత్తదారునికి ఇచ్చిన ప్రవేశపు గుర్తులను వారు దొంగిలించినారు. చల్లని గాలి పనివానికి ఇచ్చిన గుమ్మము నుండి డబ్బు లెక్కించు యంత్రముల దాకా వారు పోగలిగినారు. అత్యంత విలువైన భాగములను తక్కిన జాలము నుండి సరిగా వేరుచేసినట్లు కనబడదని 2014 మార్చిలో అమెరికా సెనేటు సంఘమొకటి వెలువరించిన నివేదిక అభిప్రాయపడినది. మొదటి కథలో గోడలు లేక ఉపద్రవము వ్యాపించినది. రెండవ కథలో గోడలు చాలక దొంగ వ్యాపించినాడు.

గోడ కట్టితిమను ధీమా కూడ ప్రమాదమే. వీలాన్ గోడ ఇటుకలతో కట్టినది కాదు. అన్ని స్విచ్చులును ఒకే అంకెకు ఒకే అర్థము చెప్పుకొన్నంతవరకే అది నిలుచును. స్విచ్చి క్రొత్తగా వచ్చినపుడు సాధారణముగా దాని ద్వారములన్నియు 1వ సంఖ్యలోనే ఉండును. మార్చుట మరచినచో అపరిచితుడు తీగ తగిలించిన చోటెల్ల ఆ ఇంటివాడే యగును. ట్రంకుపై చీటి లేని సందేశము వచ్చినచో దానిని ఏ వీలాన్‌కు చెందినదిగా తలచవలెనో ముందుగా ఒక సంఖ్యను నియమించుదురు. ఈవలి స్విచ్చిలో ఒక సంఖ్యయు, ఆవలి స్విచ్చిలో వేరు సంఖ్యయు వ్రాసినచో, రెండు కాపురములు ఎవరికిని తెలియకుండ కలిసిపోవును. సందేశమునకు రెండు చీటీలు అంటించి, మొదటి చీటి ఊడిన పిదప రెండవ చీటి బలముతో పరుల ఇంట ప్రవేశించు మాయోపాయమును కూడ దుర్జనులు కనిపెట్టినారు.

అందుచేత అనుభవజ్ఞులు కొన్ని నియమములు పాటించుదురు. వాడని ద్వారములను మూసివేయవలెను. చీటి లేని సందేశములకు, మరి యెవరును వాడని సంఖ్యను నియమించి, రెండు కొనలలోను అదే వ్రాయవలెను. ట్రంకుపై కావలసిన సంఖ్యలను మాత్రమే పోనీయవలెను. స్విచ్చిని సరిదిద్దు అధికారిక మార్గమును వేరు వీలాన్‌లో ఉంచవలెను. చేసిన మార్పును స్విచ్చి స్థిరస్మృతిలో భద్రపరుపవలెను; అనేక స్విచ్చులలో ఇట్లు భద్రపరుపనిచో, కరెంటు పోయి వచ్చిన మరుక్షణమున కట్టిన గోడలన్నియు మాయమగును. అన్నిటికంటె మిన్నగా, ఏ అంకె ఎవరిదో, ఏ ద్వారము ఎచ్చటిదో కాగితముపై వ్రాసి ఉంచవలెను. ఊరిలో పొలముల హద్దులు రాళ్ళమీద కంటె కరణముగారి దస్తరములోనే భద్రముగా ఉండెడివని మన పెద్దలు ఎరుగుదురు.

1998లో విశాలముగా తోచిన 4094 సంఖ్యలు కాలక్రమమున చాలక పోయినవి. వేలకొలది సంస్థల కంప్యూటర్లను ఒకే కప్పుక్రింద నడపు మహాకేంద్రములు వచ్చినవి. అచ్చట ఒక్కొక్క సంస్థకు ఒకటి రెండు వీలాన్‌లు ఇచ్చినను సంఖ్యలు అడుగంటును. చీటిపై చీటి అంటించు పద్ధతి ఒకటి వచ్చినది. 2014లో వెలువడిన వీఎక్స్‌లాన్ అను మరియొక పద్ధతి సంఖ్యకు 24 బిట్లు కేటాయించినది. వాటితో 1 కోటి 67 లక్షలకు పైగా జాలములను వేరుపరుపవచ్చును. పద్ధతి మారినను భావము అదే: సందేశము నుదుట ఒక అంకె, ఆ అంకెను గౌరవింతుమని అందరి ఒప్పందము.

ఈ భావము నేడు సామాన్య గృహములకును వచ్చినది. ఇంటిలో వైఫై ఇచ్చు అనేక రౌటర్లలో అతిథుల కొరకు వేరు జాలము ఏర్పరచు వీలున్నది. చుట్టపుచూపుగా వచ్చినవాని ఫోనును, అంగడిలో చవకగా కొన్న దీపమును, కెమెరాను అందులో ఉంచి, బ్యాంకు పనులు చేసికొను కంప్యూటరును వేరుగా ఉంచుట వివేకము. కార్యాలయములలో బల్లలమీది టెలిఫోనులు నేడు పెక్కుచోట్ల కంప్యూటరు తీగపైననే నడచుచున్నవి. వాటి మాటలకు వేరు వీలాన్‌ను, చీటిలోని ఆ 3 బిట్లచేత ముందు నడచు హక్కును ఇచ్చుచున్నారు. ఈథర్‌నెట్ తీగపై మనుష్యుల మాటను పంపవలెనని సిన్‌కోస్కీ కన్న కల ఈ రూపమున పండినది. ఆయన 2010లో కాలధర్మము చెందినాడు.

హవాయి ఆకాశములో పుట్టిన పద్ధతి అందరిని ఒకచోట చేర్చినది. దాని తరువాతి చరిత్రయంతయు, చేరినవారు ఒకరికొకరు అడ్డురాకుండ, ఒకరి గుట్టు మరియొకరికి చిక్కకుండ బ్రతుకుట నేర్చుకొనిన చరిత్ర. ఉమ్మడి ఇంటిలో అన్నదమ్ములు వేరుపడినపుడు నూయి ఒక్కటే యుండును, పెరడు ఒక్కటే యుండును; పొయ్యిలు వేరగును. ఆ ఇల్లు చల్లగా ఉండవలెనన్నచో హద్దును అందరును ఎరిగి యుండవలెను, అందరును పాటింపవలెను. స్విచ్చిలో వ్రాయు 10, 20, 30 అను అంకెలకును ఇంతకంటె వేరు బలము లేదు. వాటిని వ్రాయువాడు ఏ ఆసుపత్రి మూలగదిలోనో, ఏ బ్యాంకు మెట్లక్రిందనో కూర్చుండును; అతని పేరు ఎవరికిని తెలియదు. కాని రోగి మందుచీటి వైద్యుని బల్లకు సకాలమున చేరుటయు, మన పైకము మనకే దక్కుటయు కొంతవరకు అతని శ్రద్ధపై ఆధారపడి యున్నవి.